పిల్లలకో పేరు, పెద్దలకో పేరు పెట్టుకోవాలా అక్కా?

ప్రశ్న:

అక్కా నమస్తే. మాది ఖమ్మం దగ్గర. నాకు 32 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. ఆరేళ్ల నుంచి ఆదివారం అనుబంధాలకి పిల్లల కథలు రాస్తున్నా, అన్నీ మాయలూ రాక్షసులూ మాట్లాడే చెట్లూ. మూడేళ్ల నుంచి ఫోన్లో చదువుకునే ఒక యాప్‌లో పెద్దవాళ్ల కోసం ఫాంటసీ సీరియల్ కూడా రాస్తున్నా, 112 భాగాలయ్యాయి, అందులో హీరోయిన్ తాంత్రికురాలు, ప్రేమ, పగ, రక్తం అన్నీ ఉంటాయి. రెండూ నా సొంత పేరుతోనే. పోయిన నెల ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్లమ్మ స్కూలుకొచ్చి 67వ భాగం స్క్రీన్‌షాట్ ప్రిన్సిపాల్‌కి చూపించి "పిల్లలకి కథలు చెప్పే టీచర్ ఇలాంటివి రాస్తదా" అని గొడవ చేసింది. ఆయనేమో "ఏదో ఒకటి తేల్చుకోండి మేడమ్" అన్నారు. అదే వారం ఒక ఆడియో కంపెనీ నుంచి సీరియల్ హక్కులు కావాలని అగ్రిమెంట్ వచ్చింది, పదకొండు పేజీలు, ఇంగ్లీషులో. మా ఆయన ఉద్యోగం మానేసి రాసుకో అంటాడు. డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు తెలుగులో ఎవరు చదువుతారే, ఇంగ్లీషులో రాయి అంటాడు. నేను అసలు ఎవరి కోసం రాయాలి? పేరు మార్చుకోవాలా?

– అటూ ఇటూ కాని రచయిత్రి

జవాబు:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు చెల్లీ. ఉత్తరంలో సీరియల్ పేరు చెప్పావు కదా (ఇక్కడ వెయ్యట్లేదులే), రెండు రాత్రుళ్లు కూర్చుని చదివా. 20వ భాగం నుంచి లాక్ ఉంది, కాయిన్లు పెడితే గానీ తెరుచుకోదు, లేదంటే మర్నాటి దాకా ఆగాలి. అంటే ఆ తల్లి 67వ భాగం చూపించిందంటే నలభై ఎనిమిది భాగాలు డబ్బులు పెట్టో, రోజుకొకటి చొప్పున కాచుకునో చదివిందన్నమాట. ఈ లెక్క ప్రిన్సిపాల్ ముందు చెప్పకు, గొడవ ఇంకా పెద్దదవుతుంది, కానీ నీ మనసులో పెట్టుకో. ఆవిడ నీ శత్రువు కాదు, నీ పాఠకురాలు. ఆవిడకి కోపం ఎందుకొచ్చిందంటే, ఆదివారం పేపర్లో కూతురికి చదివి వినిపించే కథల మీద ఏ పేరుందో రాత్రి తను దుప్పట్లో చదువుకునే కథ మీదా అదే పేరుంది, ఒకరోజు ఆ ఫోను కూతురి చేతికెళ్లింది. భయం అక్కడ పుట్టింది. నీ కథ చెడ్డదని ఆవిడ ఎక్కడా అనలేదు, చూసుకో, ఇలాంటివి రాస్తదా అనే అంది.

రెండు రకాల పాఠకులకి రాయడం నువ్వేదో కొత్తగా చేసిన తప్పేం కాదు. మాది తెనాలి, అందుకే గొప్పలు పోతున్నా అనుకున్నా పర్లేదు చెప్తా. చందమామ పెట్టిన ఇద్దరిలో ఒకరైన చక్రపాణి మావూరాయనే, దాన్ని 1952 నుంచి 1980లో పోయేదాకా నడిపిన కొడవటిగంటి కుటుంబరావూ మావూరాయనే. ఆయన పగలంతా ఆఫీసులో కూర్చుని రాకుమారులనీ భేతాళుణ్నీ తిరగరాసేవాడు, బయట పెద్దల కోసం రాసేటప్పుడు మధ్యతరగతి సంసారాలని ఉల్లిపాయ వొలిచినట్టు వొలిచేవాడు, దేవుళ్లూ దెయ్యాలూ నమ్మే మనిషి కూడా కాదు. ఆ పక్కన ఇంకొకాయన, దాసరి సుబ్రహ్మణ్యం, ఆయనదీ మా గుంటూరు జిల్లాయే, 1952లోనే చందమామలో చేరి 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి రాకాసిలోయ, పాతాళదుర్గం, మాయాసరోవరం ఇలా వరసగా సీరియల్స్ రాసుకుంటూ పోయారు. మా అన్నయ్యా నేనూ ఆ పుస్తకం కోసం కొట్టుకునేవాళ్లం, ఎవరు ముందు చదవాలా అని చిత్తూ బొత్తూ వేసుకునేవాళ్లం, కానీ అవి రాసింది ఎవరో నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక గానీ తెలీలేదు. ఎందుకంటే సీరియల్ మీద ఆయన పేరే ఉండేది కాదు. అన్నేళ్లు అంతమంది పిల్లలు, అదీ తెలుగులోనే కాదు అన్ని భాషల చందమామల్లోనూ, నెలంతా కాచుకుని చదివిన మనిషికి పేరు లేదు! నీకు ఇవాళ ఒకే పేరు రెండు చోట్లా కనిపిస్తోందని బాధ, నాకు నవ్వొచ్చింది, కోపం తెచ్చుకోకు.

సరే పేరు సంగతి. మార్చుకో. ఒకటి నీ సొంత పేరు, ఇంకొకటి కొత్తది. మార్చుకుంటే దాక్కున్నట్టు అవుతుందేమో అనిపిస్తుంది, నాకూ అనిపించింది మొదట్లో, కానీ ఊళ్లో పొద్దున ఇడ్లీలు వేసేవాడే సాయంత్రం నాటుకోడి కూర అమ్ముతాడు, రెండింటికీ వేరే బోర్డు పెడతాడు, వండే చెయ్యి ఒకటే అని అందరికీ తెలుసు, ఎవడూ మోసం అనడు. బోర్డు లేకపోతేనే తంటా, శనివారం పూట వెంకన్న భక్తుడు వచ్చి కూర్చుంటాడు.

బయట దేశాల్లో ఇది మామూలు వ్యవహారం. 1980ల్లో మేగన్ లిండ్‌హోమ్ పేరుతో ఫాంటసీ రాసుకుంటున్న ఒకావిడ 1995లో కొంచెం వేరే తరహా పెద్ద నవల మొదలుపెట్టి రాబిన్ హాబ్ అని కొత్త పేరు పెట్టుకుంది, ఆ పేరే ఎక్కువ వెలిగింది, అయినా పాత పేరు పారేయలేదు, 2011లో రెండు పేర్లతో రాసిన కథల్నీ ఒకే సంపుటిగా వేసింది, ఏ కథ ఎవరిదో చెప్పి మరీ. ఇంకొకావిడ ఉర్సులా వెర్నన్, పిల్లల పుస్తకాలు సొంత పేరుతో, పెద్దలవి టి. కింగ్‌ఫిషర్ పేరుతో. పిల్లల పుస్తకం అనుకుని నాయనమ్మలు పెద్దల పుస్తకం కొనకూడదనే ఆ ఏర్పాటు. అయితే ఆవిడ విషయంలో నాకు నచ్చిందేంటంటే, రొట్టెలు చేసే మంత్రవిద్య ఉన్న పద్నాలుగేళ్ల పిల్ల కథ ఒకటి రాస్తే ఇది పిల్లలకి మరీ చీకటిగా ఉందని ఎడిటర్లు వెనకాడారు, చివరికి 2020లో చిన్న ప్రెస్సులో వేయించుకుంది, అదీ కింగ్‌ఫిషర్ బోర్డు కిందే. మరుసటి ఏడాది ఏమైంది, కుర్రాళ్ల ఫాంటసీకి ఇచ్చే ఆండ్రే నార్టన్ అవార్డు దానికే వచ్చింది, లోడ్‌స్టార్ అవార్డూ దానికే. కాబట్టి చావూ రక్తమూ ఉంటే పెద్దలది, కుందేళ్లుంటే పిల్లలది అని మాత్రం గీత గియ్యకు. మన పాత కథల్లో రాక్షసుడు మనుషుల్ని తినడం పిల్లలకి చెప్పే కథే.

నా అనుభవం ఒకటి చెప్తా. విజయవాడ పుస్తకాల పండగలో ఒక స్టాలు వాళ్లు నా పిల్లల పుస్తకాన్నీ పెద్దల నవలనీ పక్కపక్కనే పెట్టారు. నవల అట్ట మీద రెక్కల పాము బొమ్మ, భలే రంగులు, ఇంకా చెప్పాలంటే పిల్లల పుస్తకం అట్ట కంటే అదే బావుంది. ఒక పెద్దాయన మనవడి కోసమని అది కొనుక్కెళ్లాడు, మూడో రోజు తిరిగొచ్చాడు, పుస్తకం మధ్యలో వేలు పెట్టుకుని, ఏ పేజీ అన్నది నాకు తెలుస్తూనే ఉంది, "ఇది మీరే రాశారా అమ్మా" అని మాత్రం అన్నాడు. తిట్టినా బావుండేది. ఆయన డబ్బులు నేనే ఇచ్చి ఆ రాత్రే నవలకి ఇనిషియల్స్ పేరు పెట్టుకోవాలని అనుకున్నా. అందుకే నీకు చెప్తున్నా, పేరొక్కటే మారిస్తే చాలదు, అట్ట బొమ్మ, మొదటి పేరా, యాప్‌లో వయసు పెట్టే గడి, మూడూ చూసుకో. నీ సీరియల్‌కి ఆ వయసు గడి ఖాళీగా ఉంది, నేను చూశా. అది నింపు ముందు. ప్రిన్సిపాల్ దగ్గరికి నువ్వే వెళ్లి సార్ పేరు మార్చాను, పెద్దలకి మాత్రమే అని పెట్టాను, స్కూల్లో ఆ సీరియల్ ఊసెత్తను, పిల్లల కథలు మాత్రం ఆపను అని చెప్పు. దాచిపెడితే ఇంకో ఆర్నెల్లకి ఇంకెవరో పట్టుకొస్తారు.

ఇక ఎవరి కోసం రాయాలి అన్నావు. నీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు. నా మటుకు నేను నమ్మేదేంటంటే ఊహ ఒకటే, కానీ చదివేవాడికి మొదటి పేరాలో మనం ఒక మాట ఇస్తాం, ఆ మాట ఎవరికిచ్చామో వాళ్లకి తీర్చాలి. ఉత్తుత్తి సిద్ధాంతంలా ఉంది కదూ, ఒక కథ ఎలా నాలుగు సార్లు రాశానో చెప్తా.

మా అమ్మమ్మగారి ఊళ్లో దిగుడుబావి ఒకటుండేది. దాని మీద ముందు ఆదివారం పేపర్లో అరపేజీ పిల్లల కథ రాశా. "ఆ బావికి పదమూడు మెట్లు. పన్నెండో మెట్టు దాకా ఎవరైనా దిగొచ్చు. పదమూడో మెట్టు మీద కాలు పెడితే నీ నీడని బావి ఉంచేసుకుంటుంది. చిట్టెమ్మ పన్నెండో మెట్టు మీద కూర్చుని, కాళ్లూపుకుంటూ, తమ్ముడి నీడ ఎలా తెచ్చుకోవాలా అని ఆలోచించింది." అంతే, నాలుగు వాక్యాల్లో రూలు చెప్పేశా. పిల్లలకి రూలు కావాలి, ఆ రూలుకి కన్నం ఎక్కడుందో హీరో కనిపెట్టడం కావాలి. చిట్టెమ్మ అమావాస్య రాత్రి దీపం లేకుండా దిగింది, నీడే లేకపోతే బావి ఏం తీసుకుంటుంది? నాకు నేనే శెభాష్ అనుకున్నా. ఒక స్కూల్లో ఏడో తరగతి వాళ్లకి చదివి వినిపిస్తే వెనక బెంచీ కుర్రాడు లేచి, "మరి అంత చీకట్లో తమ్ముడి నీడ ఎలా కనపడింది మేడమ్?" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది, నాకు చెమటలు పట్టాయి. ఎడిటర్ చూడలేదు, నేను చూడలేదు, పేపర్లో అచ్చయిపోయింది కూడా! తర్వాత పుస్తకంగా వేసినప్పుడు మార్చా: నీడ కనపడలేదు, తడిమితే తడిగుడ్డలా చల్లగా తగిలింది. ఆ తడిగుడ్డ లేకపోతే ఆ కథే లేదు ఇప్పుడు నాకు. అది ఆ కుర్రాడిచ్చిందే.

అదే బావిని యాప్ సీరియల్‌లో పెట్టా. అక్కడ చదివేవాళ్లు బస్సులో, వంటింట్లో కుక్కర్ కూతల మధ్య, పిల్ల పడుకున్నాక పది నిమిషాలు చదువుతారు. నిన్న ఎక్కడ ఆపారో గుర్తుండదు. కాబట్టి ప్రతి భాగం మొదట్లో రెండు లైన్లు పాతది అల్లాలి, పాతదని తెలీకుండా అల్లాలి. ఆపడం కూడా పదమూడో మెట్టు మీద కాలు ఆనబోతుండగా ఆపాలి. ఇదంతా చీప్ ట్రిక్కు అని నవలలు రాసే మిత్రులు ముక్కు విరుస్తారు, నెలకోసారి వచ్చే పుస్తకంలో సీరియల్ రాసినాయన కూడా అదే పని చేశాడు, నెల రోజులు ఆగి మరీ చదివాం మనం.

నవలలో ఆ బావిని ఎవరు తవ్వారు అని మొదలైంది. తవ్వినవాళ్లకి ఆ బావి మొదటి మెట్టు మీద కూడా కాలు పెట్టే హక్కు లేదు, వాళ్లు తమ నీడ పడకుండా దూరంగా నిలబడి పైవాళ్లు పోస్తే నీళ్లు పట్టుకునేవాళ్లు, అలాంటి బావి నీడలు ఎందుకు తినడం మొదలుపెట్టింది అన్నది నవల. రూలు అదే. పిల్లల కథలో నీడ ఒక వస్తువు, ఇక్కడ అది ఎన్నో తరాల కోపం. ఇది రాయడానికి నాలుగేళ్లు పట్టింది, పిల్లల కథ ఒక మధ్యాహ్నం పట్టింది, కానీ ఆ మధ్యాహ్నం లేకపోతే ఈ నాలుగేళ్లు లేవు.

అదే బావి కథని ఆడియోకి రాస్తే ఇంకో గొడవ. "ఆమె ఆమె వైపు చూసింది" అని కాగితం మీద ఎలాగోలా తెలుస్తుంది, చెవికి తెలీదు. పేర్లు మళ్లీ మళ్లీ చెప్పాలి, ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు ఇద్దరికి పెట్టకూడదు (నీ సీరియల్‌లో వైదేహి, వైజయంతి ఇద్దరూ ఉన్నారు, ఆడియోలో చచ్చామే), రెండు పంక్తులకి మించిన వాక్యం చదివే అమ్మాయికి ఊపిరాడదు. మెట్లు మాత్రం చెవికి భలే పండాయి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంటే వినేవాళ్లు కూడా లెక్కపెడతారట.

పెద్దవాళ్లకి రాసేటప్పుడే కష్టమైనవి రాయొచ్చు, పిల్లలకి తేలిగ్గా రాయాలి అంటారే, నాకు ఎప్పుడూ తిరగబడింది. డయానా విన్ జోన్స్ అని ఇంగ్లండులో ఎన్నో ఏళ్లు పిల్లలకి రాసినావిడ పెద్దలకి ఒక నవల రాస్తూ తనని తాను పట్టుకుంది, ఒకే సంగతి మళ్లీ మళ్లీ వివరిస్తోంది, ఎందుకంటే పెద్దాళ్లకి అర్థం కాదేమో అని. పిల్లలకైతే ఒక్కసారి చెప్తే చాలు, వాళ్లకి రోజంతా అర్థం కాని లోకాన్ని అర్థం చేసుకోవడమే పని కదా, అలవాటే. అమెరికాలో అర్సులా లెగ్విన్‌ని ఒక పబ్లిషర్ కొంచెం పెద్ద పిల్లల కోసం రాసిమ్మని అడిగితే ఆవిడకి వచ్చిన ఆలోచన, ఈ తెల్లగడ్డం మాంత్రికులందరూ ఒకప్పుడు పిల్లలే అయ్యుండాలి కదా, మరి ఎక్కడ చదువుకున్నారు అని. 1968లో వచ్చిన ఆ పుస్తకం నుంచి మాంత్రికుల బడి అనేది ఒక దారి అయిపోయింది. చిన్న పాఠకుణ్ని తలుచుకుంటేనే వచ్చిన ఊహ అది. కాబట్టి పిల్లల కథలు మానేసి పెద్దదాని మీద పడు అని ఎవరైనా అంటే వినకు. పెద్ద సీరియల్ పిచ్చిది, అది మానేసి బుద్ధిగా పిల్లలకి రాసుకో అన్నా వినకు.

ఉద్యోగం మానకు. ఇది మీ ఆయనకి చూపించు. నేను కరెంటాఫీసులో బిల్లుల సెక్షన్లో ఇరవై ఎనిమిదేళ్లు చేశా, రీడింగు తప్పొచ్చిందని అరుస్తున్న జనం ముందు కూర్చుని లోపల రెక్కల పాముల గురించి ఆలోచించుకున్నా. ఫాంటసీ నవలలు రాసిన టెర్రీ ప్రాచెట్ కూడా కరెంటాఫీసే, ఇంగ్లండులో అణు విద్యుత్ కేంద్రాల తరఫున పత్రికలవాళ్లకి జవాబులు చెప్పే ఉద్యోగం. 1971లో పిల్లల పుస్తకంతో మొదలుపెట్టి, 1983లో డిస్క్‌వరల్డ్ అనే నవలల వరస మొదలుపెట్టి, అందులో నాలుగోది పూర్తయ్యాక 1987లో గానీ రాజీనామా చెయ్యలేదు. ఆ మొదటి పిల్లల పుస్తకాన్ని 1992లో మళ్లీ రాసుకున్నాడు, పదిహేడేళ్లప్పుడు ఫాంటసీ అంటే యుద్ధాలూ రాజులూ అనుకున్నా, ఇప్పుడు యుద్ధాలు లేకుండా ఎలా, రాజులు లేకుండా ఎలా అన్నదే ఫాంటసీ అనిపిస్తోంది అని కూడా చెప్పుకున్నాడు. చూడు, మనకి వేరువేరు పాఠకులు బయటే ఉండరు, ఇరవై ఏళ్లు పోతే మనమే మన పుస్తకానికి ఇంకో రకం పాఠకుడు అయిపోతాం.

నా లెక్కలూ చెప్తా, సిగ్గేముంది. మొదటి పిల్లల కథకి 75 రూపాయలు మనియార్డరు, పోస్ట్‌మ్యాన్‌కి ఐదు పోయాయి. యాప్‌లో మంచి నెల ఉంటే ఇంటి అద్దె వస్తుంది, చెడ్డ నెల పాలబిల్లు. మంచి నెల చూసి ఉద్యోగం మానేసినవాళ్లని ముగ్గుర్ని చూశా, ఇద్దరు రాయడం కూడా మానేశారు, ఎందుకంటే అద్దె కోసం రోజుకి రెండు భాగాలు రాసి రాసి ఆ హీరోయిన్ మొహం చూస్తేనే వికారం పుట్టింది వాళ్లకి. జీతం ఉంటే కథకి ఊపిరి ఉంటుంది. రోజులు పంచుకో: పిల్లల కథలు సెలవుల్లో, అవి ఎలాగూ ముందే పంపాలి, సంక్రాంతి కథ నవంబర్‌లో పోకపోతే ఉగాదికి కూడా రాదు. సీరియల్‌కి పది భాగాలు ఎప్పుడూ చేతిలో ఉంచుకో, జ్వరం వస్తుంది, పరీక్షల డ్యూటీ పడుతుంది, అత్తగారు వస్తారు. ఒకేరోజు రెండూ రాయకు, నేను రాశా, పిల్లల కథలో కుందేలు మగకుందేలు వైపు ఓరగా చూసింది, సబ్ ఎడిటర్ ఫోన్ చేసి ఏంటండీ ఇది అన్నాడు.

ఒక నోట్‌బుక్కు పెట్టుకో, ఎవరి కళ్లు ఏ రంగు, ఎవరి దగ్గర ఏ కత్తి ఉంది, ఎవరు చచ్చారు అని రాసుకోడానికి. నేను 12వ భాగంలో నల్లగుర్రం మీద పంపిన వాణ్ని 31లో తెల్లగుర్రం మీంచి దించా, నర్సరావుపేట నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు, దారిలో గుర్రానికి సున్నం వేయించారా అని.

అగ్రిమెంటు జాగ్రత్త. నువ్వు పంపిన ఫొటోల్లో ఏడో పేజీలో ఉంది చూడు, ఎల్లకాలం, ప్రపంచమంతా, ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ అన్ని మాధ్యమాల్లో, అన్ని భాషల్లో హక్కులు వాళ్లవే అని. ఆడియో కంపెనీకి కావాల్సింది ఆడియో ఒక్కటే, వాళ్లు అడుగుతున్నది నీ తాంత్రికురాలిని నిలువునా. మన కాపీరైట్ చట్టం, 1957 నాటిది, సెక్షన్ 19లో రచయితకి కొంచెం నీడ ఉంది: హక్కులివ్వడం రాతపూర్వకంగా సంతకంతో ఉండాలి, ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే అనుకోవాలి, ఎక్కడో రాయకపోతే ఇండియాకే అనుకోవాలి, తీసుకున్నవాడు ఏడాదిలో వాడుకోకపోతే హక్కు మళ్లీ నీదవుతుంది. కానీ సంతకం సంగతి తప్ప మిగతావన్నీ కాగితంలో వేరేగా రాయకపోతేనే. వాళ్లు అందుకే పదకొండు పేజీలు రాస్తారు. తెలుగు ఆడియో ఒక్కటే, ఐదేళ్లు, రెండో సీజన్ నేనే రాస్తా లేదా నా ఒప్పుకోలుతోనే వేరేవాళ్లు రాయాలి, పాత్రల మీద హక్కు నాదే అని మార్చి పంపు. ఒప్పుకోరు మొదట. ఒక వారం ఊరుకో. అవసరం వాళ్లకీ ఉంది, లేకపోతే పదకొండు పేజీలు పంపరు. సంతకానికి ముందు ఒక లాయరుకి రెండు వేలు పెట్టు, చీర కొనుక్కోలేదనుకో.

డల్లాస్ అన్నయ్య సంగతి. ఇంగ్లీషులో రాయడం తప్పని కాదు, నీ ఊహ ఇంగ్లీషులో వస్తే రాయి. నీది రాదు, నేను చదివాగా, నీ తాంత్రికురాలు కోపమొస్తే "నీ పాడె కట్ట" అంటుంది, అది ఏ ఇంగ్లీషులోకి పోతుంది? కానీ అక్కడ ఇంకో పాఠకులున్నారు, ఆయన ఇంట్లోనే ఉండి ఉంటారు. శనాదివారాల్లో మనబడి లాంటి చోట్లకి పోయి తెలుగు నేర్చుకునే పిల్లలు. వాళ్ల బుర్ర పదకొండేళ్లది, తెలుగు చదివే వేగం రెండో తరగతిది, అందుకని వాళ్లకి కాకీ నక్కా కథలిస్తారు, వాళ్లు విసుక్కుంటారు. మా చెల్లెలి మనవరాలు న్యూజెర్సీ నుంచి వీడియో కాల్‌లో నా బావి కథ చదివింది, వేలు పెట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగి ఆగి. "దిగుడు" దగ్గర ఆగి "అమ్మమ్మా, దిగుడు అంటే దిగడమా?" అంది. అవునే. "అయితే ఎక్కుడుబావి కూడా ఉంటుందా?" నేను ఫోను పెట్టేశాక ఆ మాట రాసిపెట్టుకున్నా. ఇప్పుడు అదే రాస్తున్నా, పైకి ఎక్కాల్సిన బావి, మెట్లు ఆకాశంలోకి. చిన్న వాక్యాలు, ఒత్తులు తక్కువున్న మాటలు, కథ మాత్రం పదకొండేళ్ల బుర్రకి సరిపడా భయంగా. ఇది నేను ఇన్నేళ్లలో రాసిన వాటిలో అన్నిటికంటే కష్టంగా ఉంది. మీ అన్నయ్యని అడుగు, వాళ్ల పిల్లలు ఏం చదవగలరో, ఒక కథ పంపి గట్టిగా చదివించి రికార్డు చేసి పంపమను. ఎక్కడ ఆగారో అక్కడ నీకు పని దొరుకుతుంది.

ఒక్క విషయం చెప్పడం మర్చిపోయా. 31వ భాగంలో నీ తాంత్రికురాలు ఎడమచేతి కడియం విరగ్గొట్టి నదిలో పారేసింది, ఒట్టు కూడా పెట్టింది. 109లో అదే కడియం తిప్పుకుంటూ శాపం పెట్టింది. కామెంట్లలో ఇంకా ఎవరూ అడగలేదు. పేరు మార్చేటప్పుడు అదీ సరిచెయ్యి, 67 దాకా వచ్చినావిడ 109కి రావడానికి ఎన్నో రోజులు పట్టదు.